బేస్‌కు కొత్త చెవులు

పాట మొత్తానికీ పునాది వేసే వాద్యం బేస్ గిటార్. దాని నాదం నచ్చకపోతే వాయించేవాళ్లు ముందుగా అనే మాట ‘పికప్ మార్చేద్దాం’. తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే భాగం అది. మారిస్తే ఏం మారుతుంది, ఏం మారదు? అసలు ఎప్పుడు మార్చాలి?

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో ఫెండర్ గిటార్ల ఫ్యాక్టరీ ఉండేది. 1956లో అబిగైల్ ఇబారా అనే అమ్మాయి అక్కడ పనికి చేరింది. తర్వాత ఆమె పేరు నిలబెట్టిన పని రాగితీగ చుట్టడం. ఆ తీగ మందం 0.063 మిల్లీమీటర్లు. కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. రెండు చిన్న పలకల మధ్య వరసగా నిలబెట్టిన అయస్కాంతపు కడ్డీల చుట్టూ దాన్ని వేల చుట్లు చుడితే పికప్ కాయిల్ అవుతుంది. మిషన్ గిర్రున తిరుగుతుంటే తీగను వేళ్ల మధ్య పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించాలి. బిగువు ఎక్కువైతే పుటుక్కున తెగుతుంది, తక్కువైతే చుట్లు వదులుగా కూర్చుంటాయి. ఆమె 2013లో రిటైరయ్యారు. ఆమె చేత్తో చుట్టి, తన పేరు పొడి అక్షరాలు రాసిన పికప్‌ల కోసం ఇవాళ్టికీ గిటారిస్టులు వెతుకుతుంటారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న హోసెఫీనా కాంపోస్ తర్వాత ఆ పని అందుకున్నారు.

పాట విన్నప్పుడు వాయించినవాళ్ల పేరు తలుచుకుంటాం. స్వరపరిచినవాళ్ల పేరు ముందే తలుచుకుంటాం. తీగ కదలికను మొట్టమొదట అందుకునే ఆ కాయిల్ చుట్టిన చేతుల గురించి ఎవరూ మాట్లాడరు. బేస్ విషయంలో ఇది మరీ అన్యాయం అనిపిస్తుంది నాకు. ఎందుకంటే చెక్కతో చేసిన పెద్ద డబుల్ బేస్‌కు తన కడుపులోనే గొంతు ఉంది. ఎలక్ట్రిక్ బేస్‌కు అది లేదు. ప్లగ్ పెట్టకుండా వాయించి చూడండి, పక్క గదిలోకి కూడా వినబడదు. దాని నాదమంతా పికప్ గుండా రావలసిందే.

తెలుగువాళ్లకు ఈ నాదం కొత్తేం కాదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ తాళానికి తోడుగా మాత్రమే నడవదు, పల్లవి పక్కనే తనదైన ఇంకో పాట పాడుతూ పోతుంది. ‘గీతాంజలి’, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ పాటలు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గొంతును పక్కకు నెట్టి, కిందున్న ఆ వరసను మాత్రమే పట్టుకుని వినండి. ఆయన దగ్గర ఏళ్ల తరబడి బేస్ వాయించిన శశిధరన్ పేరు సంగీతం లోతుగా వినేవాళ్లందరికీ తెలుసు. తర్వాత తరంలో రెహమాన్ పాటలకు కీత్ పీటర్స్ వాయించారు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చర్చి బృందాల్లో, కాలేజీ బ్యాండ్లలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ పట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తున్నారు. వాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నది చైనాలోనో ఇండోనేషియాలోనో తయారైన చవక బేస్. కొన్న ఏడాదికో రెండేళ్లకో వాళ్లకు పికప్ మీద అనుమానం మొదలవుతుంది.

అనుమానం సబబే. కానీ పికప్ ఏం చేస్తుందో తెలిస్తేనే ఆ అనుమానం ఎంతవరకు సబబో తేలుతుంది.

అయస్కాంతం, రాగి, ఉక్కు

అయస్కాంతం దగ్గర కదలిక ఉంటే పక్కనున్న రాగి చుట్టలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. పికప్ మొత్తం ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. కింద ఉన్న అయస్కాంతం పైనున్న ఉక్కు తీగను కూడా కాస్త అయస్కాంతంగా మారుస్తుంది. తీగ మీటగానే ఆ అయస్కాంత క్షేత్రం ఊగుతుంది. ఆ ఊపుకు కాయిల్‌లో సన్నటి కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ ఎన్నో రెట్లు పెంచి స్పీకర్‌కు ఇస్తుంది. అంటే పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు, ఉక్కు కదలికను మాత్రమే వింటుంది. ఉక్కు లేని నైలాన్ తీగ వేస్తే ఎంత ఖరీదైన అయస్కాంత పికప్పయినా మూగదే. అది బేస్‌కు ఒక చెవి. తీగ పలకనిది ఏదీ అది కల్పించి చెప్పలేదు.

ఆ చెవి ఏం వింటుందనేది మూడు నాలుగు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. అయస్కాంతం అల్నికో అయితే, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం అయితే, కడ్డీలే నేరుగా తీగల కింద నిలబడతాయి. చవక పికప్‌లలో చాలావరకు మామూలు ఇనుప కడ్డీలు పెట్టి, అడుగున ఒక సిరామిక్ అయస్కాంతం అంటిస్తారు. కాయిల్ మధ్యలోకి ఇనుము వచ్చేసరికి దాని విద్యుత్ స్వభావం మారి, నాదమూ మారుతుంది. సిరామిక్ అంటే నాసిరకం అని కాదు, ఆ అయస్కాంతాలతోనే చాలా మంచి పికప్‌లు చేసేవాళ్లున్నారు. తయారుచేసేవాడు దేనికోసం వాడాడన్నదే ముఖ్యం.

తర్వాత చుట్ల సంఖ్య. చుట్లు పెరిగే కొద్దీ శబ్దం హెచ్చుతుంది. అక్కడితో ఆగితే బాగుండేది గానీ, చుట్లు పెరిగే కొద్దీ పై స్థాయి ధ్వనులు తగ్గుతూ వస్తాయి. వేలు తీగను తాకిన చప్పుడు, మెట్టు మీద తీగ పడ్డ స్పష్టత మసకబారతాయి. పికప్ పెట్టెల మీద రాసి ఉండే కిలో ఓమ్‌ల అంకె చూసి ‘ఎక్కువ ఉంటే ఎక్కువ పవర్’ అనుకోవడం మనవాళ్లలో బాగా పాతుకుపోయిన పొరపాటు. ఫెండర్ వాళ్ల పాత ప్రెసిషన్ బేస్ పికప్ సుమారు 10 నుంచి 11 కిలో ఓమ్‌లు ఉంటుంది, వాళ్లదే జాజ్ బేస్‌వి ఒక్కొక్కటి ఏడు చిల్లర. గిబ్సన్ పాత బేస్‌లలో నెక్ పక్కన పెట్టిన పెద్ద పికప్ దాదాపు 30 దాకా పోతుంది. దాని నాదం మేఘగర్జనే, కానీ అందులో స్వరం ఎక్కడుందో వెతుక్కోవాలి. అమెరికన్ వాద్యకారులు దానికి పెట్టుకున్న ముద్దుపేరు కూడా బురదను గుర్తుచేసేదే.

ఇంకోటి, పికప్ ఎక్కడ కూర్చుందన్నది. బ్రిడ్జ్ దగ్గర తీగ ఊపు చిన్నది, అక్కడ వినిపించేది బిగువైన, పదునైన స్వరం. నెక్ వైపు పోయే కొద్దీ ఊపు పెద్దది, స్వరం గుండ్రంగా, బరువుగా వస్తుంది. ఇది మార్చడం మీ చేతిలో లేదు, చెక్కను తొలిస్తే తప్ప. పికప్ మార్చితే వచ్చే తేడా కంటే పికప్ స్థానం వల్ల వచ్చే తేడా పెద్దది. ప్రెసిషన్ రకం బేస్‌లో ఎంత గొప్ప పికప్ పెట్టినా అది జాజ్ బేస్ కాదు.

ఫుల్లర్టన్ రేడియో షాపు నుంచి

ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం వచ్చేది కాదు. 1938లో ఫుల్లర్టన్‌లో రేడియోలు రిపేరు చేసే షాపు పెట్టినవాడు. 1951లో ఆయన ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చేనాటికి బ్యాండ్లలో బేస్ అంటే నిలువెత్తు డబుల్ బేసే. కారులో పట్టదు, ట్రంపెట్లు ఊదుతుంటే వినబడదు. అంతకుముందే 1930లలో సియాటెల్‌లో పాల్ టుట్‌మార్క్ మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ ఒకటి చేశాడు గానీ అది నిలదొక్కుకోలేదు. ఫెండర్‌ది నిలిచింది. లయనెల్ హాంప్టన్ బృందంలో మాంక్ మాంట్‌గొమరీ దాన్ని పట్టుకుని వేదికలెక్కాక జనం అలవాటు పడ్డారు.

ఆ మొదటి ప్రెసిషన్‌లో పికప్ ఒకే వరస, తీగకు ఒక కడ్డీ. తీగ సరిగ్గా కడ్డీ నెత్తిన ఉంటుంది కాబట్టి మీటిన క్షణంలో దెబ్బ చాలా గట్టిగా వచ్చేది. అప్పటి స్పీకర్లు ఆ దెబ్బలకు తట్టుకునేవి కావు. 1957లో ఫెండర్ దాన్ని మొత్తం మార్చేశాడు. పికప్‌ను రెండు ముక్కలు చేసి, లావు తీగలు రెండింటికీ ఒకటి, సన్న తీగలు రెండింటికీ ఒకటి ఎదురుబొదురుగా జరిపి పెట్టాడు. తీగకు రెండు కడ్డీలు, తీగ ఆ రెంటి మధ్యన. దాంతో దెబ్బ మెత్తబడింది, స్వరం నిలబడింది. ఇక అసలు విశేషం వేరే ఉంది. ఒక ముక్కలో అయస్కాంతం ఉత్తరం పైకుంటే రెండోదాంట్లో దక్షిణం పైకుంటుంది, చుట్లు కూడా తిరగేసి కలిపి ఉంటాయి. తీగల స్వరం రెంటిలోనూ చక్కగా వస్తుంది, గాలిలోంచి వచ్చే కరెంటు మోత మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. దాదాపు ఏడు దశాబ్దాలైంది. దీనికంటే మెరుగైనది చేశామని ఎందరో అన్నారు. ప్రపంచమంతటా ఇవాళ్టికీ ఎక్కువగా అమ్ముడయ్యే బేస్ పికప్ ఆకారాల్లో అదొకటి. ఎలక్ట్రిక్ వాద్యాల చరిత్రలో ఇంత సరిగ్గా కుదిరిన వస్తువు ఇంకొకటి నాకు కనబడదు.

1960లో జాజ్ బేస్ వచ్చింది. రెండు విడి పికప్‌లు, రెండు వాల్యూమ్ నాబ్‌లు. 1976లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ నుంచి స్టింగ్‌రే వచ్చింది. దానిలోనూ లియో ఫెండర్ చెయ్యి ఉంది. లోపల స్వరాన్ని ముందే పెంచే, బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ పెట్టి అమ్మకానికి తెచ్చిన తొలితరం బేస్‌లలో అదే బాగా పేరు తెచ్చుకుంది.

పాతది తీసేసి కొత్తది పెట్టుకోవడం అనే వ్యాపారం కూడా ఆ దశకంలోనే మొదలైంది. లారీ డిమార్జియో 1970ల మొదట్లో న్యూయార్క్‌లో గిటార్లకు విడి పికప్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. 1976లో సేమూర్ డంకన్, కాథీ కార్టర్ డంకన్ శాంటా బార్బరాలో కంపెనీ పెట్టారు. అదే ఏడాది రాబ్ టర్నర్ పెట్టిన కంపెనీ ఆ తర్వాత ఈఎమ్‌జీ అయ్యి, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకు మారుపేరైంది. అప్పటిదాకా గిటార్ ఎలా వస్తే అలా వాయించడమే. ఆ తర్వాత దాని చెవులు మార్చుకోవచ్చని తెలిసింది.

మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్‌ను ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. మామూలు మాండలిన్ స్వరం మీటిన వెంటనే చచ్చిపోతుంది, కర్ణాటక గమకాలు దాని మీద నిలవవు. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నారు. పికప్, యాంప్లిఫయర్ల సాయంతో స్వరం సాగింది, ఆ సాగిన స్వరంలో రాగం పలికింది. పికప్ విషయం రాక్ బ్యాండ్ కుర్రాళ్ల సరదా మాత్రమే అనుకునేవాళ్లకు ఆయన కచేరీ రికార్డింగులే సమాధానం.

మార్చనివాళ్లు, మార్చినవాళ్లు

డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌ను మించిన గురువు ఈ వాద్యానికి లేడు. ఆయనది 1962 ప్రెసిషన్ బేస్. కంపెనీ పెట్టిన పికప్, లావుపాటి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. వాటిని తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జ్ మూత కింద తీగలకు ఆనేట్టు ఒక స్పాంజి ముక్క. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ నాదం వెనకున్నది అంతే.

జాకో పాస్టోరియస్ తన మెట్లు లేని జాజ్ బేస్‌కు పడవలకు పూసే ఎపాక్సీ పూసుకున్నాడు గానీ పికప్‌లు మార్చలేదు. బ్రిడ్జ్ వైపు పికప్ మీదే ఎక్కువగా వాయించాడు. మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్‌లో రోజర్ సడౌస్కీ ఒక ప్రీయాంప్ పెట్టాడు. 1970ల్లో ఫెండర్ వాళ్లు బ్రిడ్జ్ పికప్‌ను సుమారు ఒక సెంటీమీటరు వెనక్కి జరిపారు. ఆ జరిపిన చోటే మిల్లర్ స్వరంలోని మెరుపుకు ఒక కారణం.

ఇటు చూస్తే బిల్లీ షీహన్. ఆయన తన ప్రెసిషన్ బేస్‌లో నెక్ దగ్గర చెక్క తొలిపించి గిబ్సన్ ఈబీ-0 పికప్ పెట్టించుకున్నాడు, రెండు పికప్‌లకు రెండు విడి ప్లగ్‌లు. అడుగు గర్జన ఒక యాంప్‌కి, పై పదును ఇంకో యాంప్‌కి. మెటాలికా బ్యాండ్‌లో వాయించిన క్లిఫ్ బర్టన్ కూడా తన రికెన్‌బ్యాకర్‌లో పాత పికప్‌లు మార్పించాడు. వీళ్లిద్దరికీ కావలసిందేమిటో ముందే తెలుసు. లేని ధ్వని ఏదో చెవిలో మోగుతుంటే దానికోసం చెక్క తొలిచారు.

నాకు ఇందులో అర్థమైంది ఇది. ‘నా బేస్ బాగోలేదు’ అనేది పికప్ మార్చడానికి చాలినంత కారణం కాదు. ఏం వినబడడం లేదో చెప్పగలిగినప్పుడు మార్చాలి. ‘మూడో తీగ మిగతావాటి కంటే నీరసంగా ఉంది’, ‘కీబోర్డ్ మొదలవగానే నేను మాయమైపోతున్నాను’, ‘ఒక్క పికప్ పెడితే గుయ్యిమంటోంది’ — ఇలా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

మూడో మెట్టు మీద కూర్చున్న కరెంటు

ఆ గుయ్యిమనే మోత సంగతి మన దేశంలో వివరంగా చెప్పుకోవాలి. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బేస్ లావు తీగను మెట్టు నొక్కకుండా మీటితే 41.2 హెర్ట్జ్, ఆ పై తీగ 55. లావు తీగ మూడో మెట్టు మీద నొక్కితే వచ్చే జీ స్వరం 49. అంటే కరెంటు మోత సరిగ్గా బేస్ వాయించే ఊళ్లోనే, మూడో మెట్టు పక్కనే కాపురం పెట్టింది. గిటార్ వాయించేవాడికి ఆ మోత కిందెక్కడో వినబడుతుంది. బేస్ వాయించేవాడికి స్వరంతో కలిసిపోయి స్వరాన్నే చెడగొడుతుంది. దానికి 100, 150 దగ్గర దాని పిల్లలు తోడు. నాబ్ తిప్పితే తీసేద్దామంటే కుదరదు, బేస్ స్వరమూ పోతుంది.

పైగా మన ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉండేచోట్లు ఎక్కువ. మూడో పిన్ను విరిచేసిన యాంప్ ప్లగ్‌లు చూస్తుంటాం. దయచేసి అలా చెయ్యకండి, తీగలు పట్టుకున్న చేతిలోంచే షాక్ కొడుతుంది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు తమ వంతు జరజర కలుపుతాయి. పికప్‌ను తప్పుపట్టే ముందు ఫ్యాన్ ఆపి చూడండి. బేస్ పట్టుకుని అటూ ఇటూ తిరిగితే మోత తగ్గి పెరుగుతుంటే అది కాయిల్ పట్టుకుంటున్నది. తీగల మీద చెయ్యి వెయ్యగానే తగ్గితే బ్రిడ్జ్ ఎర్త్ తీగ బాగానే ఉందని గుర్తు. ఆ సందర్భంలో లోపలి గుంతకు రాగి రేకు అంటించి ఎర్త్‌కి కలిపితే జరజర చాలావరకు పోతుంది, కొత్త పికప్ ఖర్చు మిగులుతుంది. జాజ్ బేస్‌లో ఒక్క పికప్ మీదే వాయించే అలవాటున్నవాళ్లకు మాత్రం ఆ అడుగు మోత రేకుతో పోదు, మోత కొట్టేసే రెండు కాయిళ్ల పికప్ కొనడమే మార్గం.

సికింద్రాబాద్‌లో ఒక బల్ల మీద

సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒకాయన చిన్న గదిలో ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. చర్చిలో వాయించే కుర్రాడొకడు ప్రెసిషన్ రకం బేస్ భుజాన వేసుకుని వచ్చాడు.

“అన్నా, పికప్ మారిస్తే సౌండ్ బాగొస్తదా?”

“తీగలెప్పుడు మార్చినవ్ తమ్మీ?”

“కొన్నప్పుడున్నయే అన్నా. మూడేండ్లయితాంది.”

ఆయన ఇంకేం అనలేదు. కొత్త తీగలు వేశాడు. తర్వాత చివరి మెట్టు దగ్గర తీగను నొక్కి పట్టి, తీగ అడుగుకీ పికప్ కడ్డీకీ మధ్య ఎంత జాగా ఉందో ఉక్కు స్కేలుతో కొలిచాడు. ఆరు మిల్లీమీటర్లు. స్క్రూలు వదులు చేస్తే పికప్ పైకి లేవాలి, లేవలేదు. దాని కింద పెట్టిన స్పాంజి ఎండి పెంకులా అయిపోయింది. కొత్త స్పాంజి పెట్టి, లావు తీగ వైపు మూడు మిల్లీమీటర్లకు, సన్న తీగ వైపు రెండున్నరకు తెచ్చాడు. మరీ దగ్గరికి తెస్తే అయస్కాంతం తీగను లాగి పట్టుకుంటుంది, స్వరం శ్రుతి తప్పి వంకరగా మోగుతుంది. ఆ దూరం దాటి ముందుకు రాకూడదని కుర్రాడికి చూపించాడు.

శబ్దం పెరిగింది, కానీ గుయ్యిమనే మోత కూడా పెరిగింది. ప్రెసిషన్ పికప్‌లో మోత రాకూడదు కదా అని ఆయన లోపలి మూత విప్పాడు. అంతకుముందు ఎవరో రెండు ముక్కల మధ్య తీగలు ఊడిపోతే మళ్లీ అతికారు, కాకపోతే ఒక ముక్కవి అటువి ఇటు. స్వరానికి ఏ తేడా రాదు, ఎందుకంటే ఒక్కో ముక్క వేరే తీగలను వింటోంది. మోతలు మాత్రం కొట్టేసుకోవడం మానేసి కూడుకుంటున్నాయి. ఆ రెండు తీగల చివరలు తారుమారు చేసి అతికించగానే గదిలో మోత ఆగిపోయింది. మూడేళ్లుగా ఆ కుర్రాడు పికప్ దండగనుకుంటున్నాడు.

“ఇప్పుడు చెప్పు. ఇంకేం కావాలె?”

కుర్రాడు కాసేపు వాయించి, “కీబోర్డు, డ్రమ్స్ మొదలైనంక నాది ఇనబడ్తలేదన్నా. చప్పుడుంటది, స్వరం ఉండది” అన్నాడు.

అది పికప్ మార్చడానికి అసలైన కారణం. ఎక్కువ చుట్లున్న సిరామిక్ పికప్ అడుగు మాత్రమే ఎక్కువ ఇచ్చి మధ్యస్థాయి స్వరాలను మసక చేస్తోంది. అల్నికో-5 కడ్డీలతో, పాత లెక్క చుట్లున్న, బ్యాటరీ అక్కర్లేని పాసివ్ పికప్ తెప్పించుకొమ్మన్నాడాయన. అది వచ్చాక మార్చే రోజు కూడా వెళ్లి చూశాను.

ముందు లోపలి తీగలన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీశాడు. తీగలు వదులు చేసి, పాత పికప్ తీగలు రెండూ టంకం కరిగించి ఊడదీశాడు. వాల్యూమ్ నాబ్ కింద ఉండే గుండ్రటి డబ్బా వీపు మీద ఎర్త్ తీగ అతకాలి. ఆ లోహపు వీపు వేడిని తాగేస్తుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో అరనిమిషం ఆనించి ఉంచితే లోపలి కార్బన్ పట్టీ మాడిపోతుంది, తర్వాత నాబ్ తిప్పినప్పుడల్లా బరబరమంటుంది. ఆయన ముందు గరుకు కాగితంతో ఆ వీపును రుద్ది మెరిపించాడు, 40 వాట్ల ఐరన్ బాగా కాగాక ఆనించి, రెండు మూడు సెకన్లలో టంకం పారించి తీసేశాడు. చల్లారిన టంకం నున్నగా మెరిస్తే అతుకు పట్టినట్టు, బూడిదరంగులో గరుకుగా ఉంటే మళ్లీ చెయ్యాలి.

తీగ రంగు చూసి కలపొద్దని ఆయన గట్టిగా చెప్పే మాట. ‘నలుపు అంటే ఎర్త్’ అనే అలవాటు చాలామందిది. సేమూర్ డంకన్ వాళ్ల నాలుగు తీగల పికప్‌లలో నలుపే స్వరం వచ్చే తీగ, ఆకుపచ్చ ఎర్త్. డిమార్జియోలో ఎరుపు స్వరానికి, ఆకుపచ్చ ఎర్త్‌కి. పెట్టెలోని కాగితం చదవకుండా ఐరన్ వేడి చెయ్యకూడదు. మూత వెయ్యకముందే యాంప్‌కి కలిపి, ఒక్కో కడ్డీ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టి చూశాడు. అన్నీ ‘టక్’ మన్నాయి. అప్పుడు మూత బిగించాడు.

కుర్రాడు వాయించాడు. శబ్దం పాతదానికంటే కాస్త తగ్గిందనే చెప్పాలి. కానీ స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గోడ అవతలికి కూడా తెలుస్తోంది.

కొనే ముందు

ఈ మధ్యస్థాయి స్పష్టతకు మనకు ఇంకో అవసరం ఉంది. పాటలు ఎక్కువమంది వింటున్నది ఫోన్లలో. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు, దాని దరిదాపుల్లోకి కూడా రాదు. అయినా బేస్ మనకు ఎలా తెలుస్తోంది? ఆ స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు పైనున్న తోడు స్వరాలు వినిపిస్తే, మెదడు అడుగు స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. తోడు స్వరాలు లేని బురద బేస్ ఫోన్‌లో ఉత్త నిశ్శబ్దం. అడుగు హోరు కోసం పికప్ కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొలతలు సరిచూసుకోకుండా డబ్బు కట్టకండి. అసలు జాజ్ బేస్‌లో నెక్ వైపు పికప్ సుమారు 92 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ వైపుది 95. చవక నకళ్లలో రెండూ ఒకే పొడుగు ఉండటం మామూలే. మూడు మిల్లీమీటర్ల తేడాకి చెక్క చెక్కించాల్సి వస్తుంది. ఐదు తీగల బేస్‌లలో, సబ్బుబిళ్ల ఆకారం పికప్‌లలో కొలతలు ఇంకా ఎన్నో రకాలు. జాజ్ బేస్‌కి రెండూ ఒకే కంపెనీ జతగా కొనండి. వేర్వేరు కంపెనీలవి పెడితే ఒక్కొక్కటి విడిగా బాగా పలికి, రెండూ కలిపేసరికి స్వరం బోలుగా, ముక్కుతో పాడినట్టు అయిపోవచ్చు. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. ఒకదాని తీగలు తారుమారు చేస్తే స్వరం కుదురుకుంటుంది గానీ, మోత కొట్టేసుకోవడం కుదరకపోవచ్చు.

యాక్టివ్ పికప్‌ల మీద నా మాట. మోత ఉండదు, పొడుగు కేబుల్ వేసినా పదును తగ్గదు. వేదికల మీద ఎక్కువగా తిరిగేవాళ్లకు అవి మంచివే, విక్టర్ వూటెన్ అంతటి బేస్ వాద్యకారుడు ఈఎమ్‌జీలతోనే వాయించాడు. అయితే వాటితో పాటు నాబ్‌ల కింద ఉండే గుండ్రటి డబ్బాలు, అంటే పాట్‌లు, కూడా మార్చాలి. పాసివ్‌కు 250 కిలో ఓమ్‌లవి సరిపోతాయి, ఈఎమ్‌జీకి 25 కిలో ఓమ్‌లవి కావాలి. ప్లగ్ బేస్‌లో పెట్టి వదిలేస్తే బ్యాటరీ అయిపోతూ ఉంటుంది. బ్యాటరీ కచేరీ మధ్యలో చచ్చిపోతే బేస్ మొత్తం ఆగుతుంది. ఇంట్లో, చర్చిలో, చిన్న వేదికల మీద వాయించేవాళ్లకు పాసివే చాలంటాను.

మార్చాక తేడా నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికి మార్చకముందే ఒక పని చెయ్యాలి. అవే తీగలతో, అదే వేలితో, నాలుగు తీగల మీదా తిరిగే ఒక చిన్న వరస రికార్డు చేసి పెట్టుకోండి. కొత్త పికప్‌తో అదే వరస మళ్లీ రికార్డు చేసి, రెంటినీ ఒకే హెచ్చులో వినండి. హెచ్చుగా ఉన్నదే మంచిదని మన చెవి మోసపోతుంది. హెచ్చు సమానం చేశాక కూడా కొత్తది నచ్చితే అప్పుడది మీ డబ్బుకు తగ్గ మార్పు.

విదేశీ పికప్ మన చేతికి వచ్చేసరికి పన్నులతో కలిపి కొన్నిసార్లు చవక బేస్ ధరకు దగ్గర పడుతుంది. అందుకే నెక్ వంగిపోయిన, మెట్లు అరిగిపోయిన బేస్‌లో మంచి పికప్ పెట్టించకండి. ఆ డబ్బు ముందు నెక్‌కు ఖర్చు పెట్టండి, లేదా కొత్త బేస్‌కు దాచండి. నెక్ నిటారుగా ఉండి, మెట్లు బాగుండి, కొత్త తీగలు వేసి, ఎత్తు సరిచేసి, ఎర్త్ సరిచూసి, అప్పటికీ మీకు కావలసిన స్వరం రాకపోతే ధైర్యంగా మార్చండి. తీసిన పాత పికప్‌ను మాత్రం పారెయ్యకండి. తీగలు పొడుగ్గా ఉంచి, ఏ బేస్‌లోంచి తీశారో, ఏ రంగు తీగ ఎక్కడ అతికి ఉందో చీటీ మీద రాసి, డబ్బాలో దాచిపెట్టండి. బేస్ అమ్మే రోజున కొన్నవాడు అడిగేది అదే.